ఆవిరాయన కడిగిన సముద్రం

ఆమె పళ్ళకి ఏ జబ్బూ లేదు. ఉన్న జబ్బల్లా పళ్ళ డాక్టరు గారి వెయిటింగ్ రూమ్ మీద మమకారమే.

మొదట్లో నిజంగానే ఒక దవడపన్ను సలిపింది. డాక్టరు గారు దాని వేళ్ళ దాకా తవ్వి, మందు కూరి, పైన తొడుగు బిగించారు. ఆ తవ్వకాలు సాగినన్నాళ్ళూ ఆమె గోడవారగా ఉన్న ఉప్పునీటి అక్వేరియం ముందు కూర్చుని, తన వంతు కోసం ఎదురుచూసింది. ఎదురుచూసిందనేది మర్యాదకి. నిజానికి వంతు రాకుండా ఉంటే బాగుండుననుకుంది. ఇంట్లో ఆమె ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు "ఏం, ఒంట్లో బాగాలేదా?" అని అడుగుతారు. ఇక్కడ కూర్చోవడమే పని. పైగా చూడ్డానికి సముద్రం.

అందుకని పన్ను నయమైనా రాకపోకలు మానలేదు. ఒకసారి చల్లటిది తాగితే జివ్వుమంటోందని, ఇంకోసారి చిగురు లాగుతోందని. ఆ ఊపులో పుచ్చు లేని పన్నుకి సిమెంటు కూడా పెట్టించుకుంది. డాక్టరు గారూ వద్దనలేదు. ఎవరి వృత్తిధర్మం వాళ్ళది.

ఆ తొట్టెలో ఉన్నది ఒక్కటే చేప. నారింజరంగు ఒళ్ళు, మీద తెల్ల పట్టీలు, ముసలిది. లోపలికి ఎవరొచ్చినా అద్దం దగ్గరికి ఈదుకొచ్చి, పేరూ వయసూ అడుగుతున్నట్టు మూతి కదిపేది. అందుకే పేషెంట్లందరూ దాన్ని కాంపౌండరు అనేవాళ్ళు.

ఓ రోజు డాక్టరు గారు ఆమె నోట్లో అద్దం పెట్టి, అటూ ఇటూ తిప్పి, తీసేసి, "అమ్మా, మీ పళ్ళు నా పళ్ళకంటే బాగున్నాయి" అన్నారు. "ఇంకో మాట. నేను క్లినిక్కు మూసేస్తున్నాను. చేతులు వణుకుతున్నాయి. పళ్ళ డాక్టరుకి చేతులు వణికితే పేషెంటుకి కాళ్ళు వణుకుతాయి. ఆ తొట్టె మీరు పట్టుకెళ్తారా? మీరొచ్చేది దానికోసమేనని నాకెప్పుడో తెలుసు."

"తెలిసీ సిమెంటు పెట్టారా?"

"మీరు అంత ముచ్చటపడి అడిగితే కాదనలేకపోయానమ్మా."

తొట్టె, దాని కింద బల్ల, హీటరు, నీళ్ళు తిప్పే మోటారు, వడపోత స్పాంజి, రాళ్ళు, కాంపౌండరు, అన్నీ ఆమెవే అన్నారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలి అసలు పాఠం చెప్పారు. "ఇందులో అన్నింటికంటే విలువైనవి చూడ్డానికి అన్నింటికంటే రోతగా ఉండే ఆ రాళ్ళు. వాటి మీదా లోపలా కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటాయి. చేప వదిలే మలినాన్ని అవి తింటాయి కాబట్టే నీళ్ళు విషం కాకుండా ఉంటాయి. లేకపోతే తన మలినంతో తనే చస్తుంది. రాళ్ళు ఆరనివ్వకండి, కడగకండి. ఆ స్పాంజీ అంతే."

ఆమె తలాడించింది. ఆడించిందే గానీ గుండెలో రాయి పడింది. ఎందుకంటే ఇంట్లో ఆయనున్నాడు.

*

ఆయన పెద్దాసుపత్రిలో ఆపరేషన్ సామాన్లు శుభ్రం చేసే విభాగానికి ఇన్‌ఛార్జి. కత్తులు, కత్తెరలు, పటకార్లు, గుడ్డలు అన్నిటినీ ఆవిరి యంత్రంలో పెట్టి, క్రిమి అన్నది పేరుకైనా మిగలకుండా చేసి, ప్యాకెట్లు కట్టి పంపడం ఆయన ఉద్యోగం. ఆసుపత్రిలో అందరూ ఆవిరాయన అంటారు. మేడ మీద వాటాలో ఉండే సొంత చెల్లెలు ఎదురుగా అన్నయ్యా అనీ, వెనక ఆవిరాయన అనీ అంటుంది.

ఉద్యోగం ఇంటికి మోసుకురాకూడదంటారు. ఆయన మోసుకొచ్చాడు. ఇంట్లో తలుపు గడియలకి తుడుపు, స్విచ్చులకి తుడుపు, తుడిచే గుడ్డకి మళ్ళీ ఉడుకు. పెళ్ళైన కొత్తలో ఆమె చెయ్యి పట్టుకునే ముందు చేతులు కడుక్కునేవాడు. పట్టుకున్నాక కూడా కడుక్కునేవాడు. "మీ ఇద్దరికీ ఆ పిల్ల ఎలా పుట్టిందో నాకిప్పటికీ అంతుపట్టదు వదినా" అంటుంది ఆడపడుచు. ఆ పిల్ల ఇప్పుడు హాస్టల్లో చదువుకుంటూ హాయిగా మురికిగా ఉంటోంది.

అలాంటి మనిషికి, కోట్ల కొద్దీ సూక్ష్మజీవుల్ని హాల్లో పెట్టుకుందామని చెప్పడం ఎలా? ఆమె చెప్పలేదు. "ఒక చేప, కాసిని నీళ్ళు, అలంకారానికి రాళ్ళు" అంది.

ఆయన తలుపు గడియ ఇంకోసారి తుడిచాడు. "సరే. కానీ ఒక్క మాట. చచ్చిన చేప ఇంట్లో తేలడం నేను చూడలేను. అది చచ్చిన రోజు తొట్టె బయటికి పోవాలి. మళ్ళీ ఇంకో చేపని తెస్తానంటే కుదరదు."

"అలాగే" అంది ఆమె, తీపి తగ్గించమన్న డాక్టరుతో అన్నట్టు.

తొట్టె వచ్చింది. ఆయన మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుని ఒక కొస పట్టాడు. రెండో కొస పట్టిన ఆడపడుచు మొగుడు ఆ వేషం చూసి, మోస్తున్నది అక్వేరియమా శవమా అని అడిగాడు. డాక్టరు గారి దగ్గర్నుంచి డబ్బాల్లో తెచ్చిన పాత నీళ్ళు, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు పోసి, బల్ల సమంగా ఉందో లేదో, ఎక్కడైనా కారుతోందేమో చూడ్డానికి ఆ రాత్రికి తొట్టెని అలా వదిలేశారు. కాంపౌండరు హీటరుతో సహా నీలం టబ్బులో. రాళ్ళూ స్పాంజీ మూత పెట్టిన రెండు బకెట్లలో, బాల్కనీలో.

మర్నాడు ఆమె చేప తిండీ, నీళ్ళు పరీక్ష చేసే చుక్కల మందూ కొనడానికి వెళ్ళింది. ఆయనకి ఆ రోజు పొద్దుటి డ్యూటీ. వెళ్ళబోతూ బకెట్ మూత ఎత్తి చూశాడు. రాళ్ళ మీద ఊదారంగు పాచి, గోధుమరంగు జిగురు, సందుల్లో దారాల్లాంటి పురుగులు. పైగా వాసన. ఆయన మూత పెట్టేసి ఒక నిట్టూర్పు విడిచాడు. పెళ్ళాం ఇన్నేళ్ళలో నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, ఆ తెచ్చుకున్నది కూడా ఇలాంటి చెత్తా అనుకున్నాడు. ఆయన మనసు కరిగింది. ఆ మనసు కరగడమే కొంప ముంచింది.

ఉతికిన గుడ్డలు ఆసుపత్రికి మోసే వ్యాను వాళ్ళ వీధిలోంచే వెళ్తుంది. ఆయన చెయ్యెత్తి దాన్ని ఆపి, రెండు బకెట్లూ ఎక్కించాడు.

*

మధ్యాహ్నం ఆమె ఇంటికొచ్చేసరికి ఆయన హాల్లో నుంచుని ఉన్నాడు. మొహంలో కొత్త పెళ్ళికొడుకు సిగ్గు.

"కళ్ళు మూసుకో" అన్నాడు.

"ఎందుకు?"

"మూసుకోవే బాబూ."

మూసుకుంది. తెరిచేసరికి తొట్టె వెలిగిపోతోంది. రాళ్ళన్నీ ఎముకల్లా తెల్లగా, వరసగా, ఎత్తుల ప్రకారం పేర్చి ఉన్నాయి. స్పాంజి కొత్తదానిలా ఉంది, కాకపోతే సగానికి కుంచించుకుపోయి, అంచులు ముడుచుకుని. కాంపౌండరు ఆ తెల్లదనం మధ్యలో, ఎవరికో ఆపరేషన్ జరుగుతున్న గదిలోకి పొరపాటున వచ్చినట్టు నిలబడిపోయి ఉంది. బల్ల మీద చింపిన ప్యాకెట్లు. వాటి మీద అంటించిన టేపు చారలు నల్లగా మారి ఉన్నాయి.

"చారలు నల్లబడ్డాయంటే ఆవిరి పూర్తిగా పట్టినట్టు" అన్నాడు ఆయన గర్వంగా. "చెత్త ఉడికించే పాత యంత్రంలో పెట్టాన్లే, మంచిది ముట్టుకోలేదు. అనుమానం ఉంటుందని రెండుసార్లు తిప్పాను. ఇప్పుడు ఈ రాళ్ళతో గుండె ఆపరేషన్ చేసుకోవచ్చు."

ఆమె నోరు తెరిచింది. నోరు తెరిస్తే ఏం చెప్పాలి? చెప్పాలంటే, మీరు చంపింది నేను దాచిపెట్టి తెచ్చిన కోట్ల క్రిముల్నని చెప్పాలి. అది విన్నాక ఆయన తొట్టెని ఇంట్లో ఉండనిస్తాడా? చెప్పకపోతే చేప చస్తుంది. చేప చస్తే మాట ప్రకారం తొట్టె పోతుంది. ఎటు తిప్పినా తొట్టె గుమ్మం దాటేట్టే ఉంది.

"చాలా... తెల్లగా ఉంది" అంది.

"కదా!" అన్నాడు.

ఆ పూట ఆయన అన్నం తింటూ మధ్యమధ్య తల తిప్పి తొట్టెని చూసుకున్నాడు. ఆమె మాత్రం అన్నం కలుపుతూనే కూర్చుంది. మర్నాడు చుక్కల మందు వేసి చూస్తే గొట్టంలో నీళ్ళు పసుపు దాటి లేత ఆకుపచ్చకి తిరిగాయి. పసుపంటే ఫరవాలేదు, పచ్చదనం పెరిగే కొద్దీ విషం పెరుగుతున్నట్టు లెక్క. ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆమె నీళ్ళు కొంత తోడి, కొత్త ఉప్పునీళ్ళు పోసింది. ఆ పై రోజు మళ్ళీ పచ్చ. మళ్ళీ తోడింది. ఉడికిపోయిన రాళ్ళ లోపల చచ్చినవన్నీ కుళ్ళుతున్నాయి, కాబట్టి ఎంత తోడినా లోపల్నించి ఊరుతూనే ఉంది.

బకెట్ల చప్పుడు విని ఆడపడుచు దిగి వచ్చింది.

"ఏంటి వదినా, సముద్రాన్ని చెంబుతో తోడుతున్నావు?"

ఆమె ఇక ఆపుకోలేక ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆడపడుచు ముందు నవ్వింది. సోఫాలో కూలబడి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. తర్వాత తొట్టె వైపు చూసి ఆగిపోయింది. కాంపౌండరు నీళ్ళ పైకొచ్చి, మూతి బయటపెట్టి, గుక్కలు మింగుతోంది. మొప్పలు ఎర్రగా ఉబ్బాయి. మనిషి దగ్గరికొచ్చినా తిరిగి చూడటం లేదు.

"వదినా, ఇది పోయేలా ఉంది."

"నాకు తెలుసు."

"అన్నయ్యకి చెప్పు."

"చెబితే తొట్టె పోతుంది."

"చెప్పకపోతే చేపా తొట్టే రెండూ పోతాయి. కనీసం ఒకటైనా మిగలనీ. ఇందులో బేరమాడ్డానికేముంది తల్లీ?"

*

ఆయన బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, మొహం కడుక్కుని, మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చేదాకా ఆమె ఆగింది. అప్పుడు చెప్పింది. మొత్తం చెప్పింది, రాళ్ళ దగ్గర్నుంచి చుక్కల మందు దాకా. ఒక్క సిమెంటు పన్ను సంగతి మాత్రం దాచుకుంది. ఒకే పూట అన్నీ ఒప్పుకోవడం ఆరోగ్యానికి మంచిది కాదు.

ఆయన విన్నాడు.

"అంటే నువ్వు సూక్ష్మజీవుల్ని పెంచడానికి తెచ్చావు. నా ఇంట్లోకి."

"తెచ్చాను. మీరు చంపేశారుగా. ఇంకా కోపమెందుకు?"

"కోట్లా?"

"కోట్లే."

"నాకు చెప్పకుండా."

"చెబితే గుమ్మం దాటనిచ్చేవారా?"

"దాటనిచ్చేవాణ్ణి కాదు" అన్నాడు ఆయన నిజాయితీగా.

ఆడపడుచు మెట్ల మీదే నిలబడి వింటోంది. "సరే, అయిందేదో అయింది. నీ మాట ప్రకారం చేప పోతే తొట్టె బయటికే కదా అన్నయ్యా? నాలుగు రోజులు ఓపిక పడితే ఇల్లు మళ్ళీ నీ ఇష్టం. చేతికి మట్టంటకుండా పనైపోతుంది."

ఆమె మనసులోనే లెక్క వేసుకుంది. నిజమే, ఆయన ఏమీ చెయ్యక్కర్లేదు. మాట తప్పక్కర్లేదు, గొడవ పడక్కర్లేదు. ఊరుకుంటే చాలు.

ఆయన లేచి తొట్టె దగ్గరికి వెళ్ళాడు. కాంపౌండరు గుక్కలు మింగుతూనే ఉంది. ఆయన వంగి, ఆపరేషన్ కత్తి అంచు చూసే చూపుతో దాని మొప్పల్ని చూశాడు.

"ఇన్నేళ్ళ సర్వీసులో" అన్నాడు నెమ్మదిగా, "నా చేతిలో చచ్చినవన్నీ చావాల్సినవే. ఇది వాటిలో లేదు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. ఆమె ఎన్నడూ చూడని మొహం అది, తప్పు చేసిన పిల్లాడిది. "అవి మళ్ళీ ఎక్కడ దొరుకుతాయి?"

"ఏవి?"

"అవే. క్రిములు." ఆ మాట ఆయన నోట్లోంచి పన్ను ఊడొచ్చినంత కష్టంగా వచ్చింది.

*

రంగుచేపల కొట్టు ఆవిడ గట్టి మనిషి. గోడకి ఒకవైపు రసాయన శాస్త్రం డిగ్రీ, ఇంకోవైపు సొరచేప బొమ్మ తగిలించుకుంది. సంగతి విని, "రాళ్ళని ఆవిరి యంత్రంలోనా?" అని అడిగింది. తర్వాత కొట్టంతా వినబడేట్టు నవ్వింది. "సార్, చేపల్ని చంపినవాళ్ళని రోజూ చూస్తాను. రాళ్ళని చంపినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

ఆమెకి ఎందుకో ఆ నవ్వు నచ్చలేదు. "ఆయన ఏ పని చేసినా పూర్తిగా చేస్తారు" అంది కాస్త ఘాటుగా. ఇంట్లో తను ఎన్ని మాటలన్నా అనొచ్చు గానీ, బయటివాళ్ళు అంటే ఊరుకోవడం ఆమెకి చేతకాదు.

"చేపని మీ దగ్గరే పెట్టుకుంటారా కొన్నాళ్ళు?" అని అడిగాడు ఆయన.

"నా అమ్మకం తొట్టెల్లో మందు కలిపి ఉంది సార్. పైగా ముసలిది, ఒకసారి కదిలింది, మళ్ళీ కదిపితే నేను హామీ ఇవ్వను. మీరే క్రిముల్ని దాని దగ్గరికి మోసుకెళ్ళండి."

"క్రిముల్ని సీసాల్లో అమ్ముతారటగా?"

"అమ్ముతాను. నా సొంత తొట్టెకైతే వాడను." ఆవిడ లోపలికెళ్ళి, తన సొంత తొట్టె కింది వడపోత పెట్టెలోంచి నల్లటి స్పాంజి ఒకటి, జిగురుగా కారుతున్న రాళ్ళు కొన్ని తీసి, నీళ్ళతో సహా బకెట్లో వేసింది. ఆ వాసనకి కొట్టులో ఉన్న ఇంకో ఇద్దరు బయటికెళ్ళిపోయారు. "తడి ఆరకూడదు. ఎండ తగలకూడదు. ఆలస్యమైతే గాలాడక చస్తాయి. మధ్యమధ్య నీళ్ళు కదుపుతూ ఉండాలి. మూత పూర్తిగా బిగించొద్దు."

ఆయన జేబులోంచి తొడుగులు బయటికి లాగాడు.

"వాటికి పౌడరుంటుంది సార్. వద్దు. వట్టి చేతులే."

ఆయన అరచేతుల వైపు చూసుకున్నాడు, వాటితో చివరి మాట మాట్లాడుతున్నట్టు. తొడుగులు జేబులో పెట్టేసి, బకెట్ ఎత్తుకున్నాడు.

బస్సులో కూర్చున్నాక బకెట్ ఆయన ఒళ్ళో ఉంది. ఎవరైనా తుమ్మితే సీటు మారే మనిషి. ఇప్పుడు ఆయన్ని చూసి జనం సీట్లు మారుతున్నారు. ముందు వరస ఖాళీ అయింది, తర్వాత వెనక వరస. ఆయన పట్టించుకోలేదు. మోచేయి దాకా చెయ్యి ముంచి, ఆ నల్లటి నీళ్ళని నెమ్మదిగా కదుపుతున్నాడు.

కండక్టరు దూరం నుంచే అడిగాడు. "ఏంటండీ అది, చచ్చిందా?"

"చచ్చింది కాదు" అన్నాడు ఆయన కోపంగా. "బతికుంది. కాస్త కిటికీ తెరవండి, వీటికి గాలాడాలి."

ఆమె కిటికీ వైపు మొహం తిప్పుకుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. నవ్వితే బకెట్ ఒలుకుతుందని భయం.

*

తెల్ల రాళ్ళు బయటికెళ్ళాయి, జిగురు రాళ్ళు లోపలికొచ్చాయి. నల్ల స్పాంజి మోటారు దగ్గర కూర్చుంది. నీళ్ళు సగానికి పైగా మార్చారు. ఇక మిగిలింది వేచి ఉండటం.

వేచి ఉండటం అంత కష్టమని ఆయనకి తెలియదు. ఆయన పనిలో యంత్రం తిరుగుతుంది, టేపు నల్లబడుతుంది, అయిపోతుంది. ఇక్కడ ఏం జరుగుతోందో కనబడదు. డ్యూటీకి ముందొకసారి, వచ్చాక ఒకసారి చుక్కల మందు పరీక్ష ఆయనే చేశాడు. గొట్టాన్ని తెల్ల కాగితం ముందు పెట్టి, ఒంటి కన్ను మూసి చూసేవాడు. పచ్చ. పచ్చ. కాస్త తక్కువ పచ్చ. "తింటున్నాయి" అనేవాడు గుసగుసగా, నిద్రపోతున్న పసివాళ్ళ దగ్గర అన్నట్టు. "పెరుగుతున్నాయి."

ఈలోగా తొట్టె అందం పాడైంది. అద్దం మీద గోధుమరంగు పొర, రాళ్ళ మీద పొర, అడుగున పొర. కొత్త తొట్టెకి ఇది మామూలేనని కొట్టు ఆవిడ ఫోన్లో చెప్పింది. ఆయన దాని ముందు నుంచి నడిచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. ఒకసారి ఆయన చెయ్యి తుడుపు గుడ్డ దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి రావడం ఆమె చూసింది. చూడనట్టు ఊరుకుంది.

ఓ సాయంత్రం ఆడపడుచు వచ్చి, "ఛీ, ఎంత అసహ్యంగా ఉంది, కాస్త తుడుస్తాను ఉండు వదినా" అని కొంగు పట్టుకుంది.

"ముట్టుకోకు!" ఆయన అరుపుకి ఆడపడుచు గోడకంటుకుపోయింది. "అసలు చేతులు కడుక్కొచ్చావా?"

"కడుక్కునే వచ్చాను!"

"సబ్బుతోనా?"

"మరి దేంతో?"

"సబ్బు చేతులతో అస్సలు దగ్గరికి రాకు. చస్తాయి."

ఆడపడుచు వదిన వైపు తిరిగింది. "వదినా, ఇతనెవరు? మా అన్నయ్యని ఎక్కడ దాచావు?"

కాంపౌండరు మాత్రం తేలలేదు, కోలుకోనూ లేదు. గుక్కలు తగ్గించింది గానీ తిండి ముట్టలేదు. ఆమె వేలితో పొడి చల్లడం, అది దాని మూతి పక్కనుంచే కిందికి జారిపోవడం, ఆయన గొట్టంతో దాన్ని తీసెయ్యడం. తిననిది కుళ్ళితే మళ్ళీ మొదటికొస్తుంది. ఇద్దరూ కలిసి ఆ పని చేసేవాళ్ళు. అద్దంలో ఇద్దరి మొహాలు ఒకటి మీద ఒకటి పడేవి. ఆ తొట్టె ఆమె కావాలనుకున్నది ఎవరూ పలకరించని చోటు కోసం. ఇప్పుడు ఆ చోట్లో ఇంకో మనిషి వచ్చి కూర్చున్నాడు, పైగా ప్రతి పూటా నీళ్ళ రంగు ఏంటని పలకరిస్తున్నాడు. విచిత్రమేమిటంటే ఆమెకది బరువనిపించలేదు.

తర్వాత ఓ ఉదయం గొట్టంలో నీళ్ళు పసుపుగా ఉన్నాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆమెని పిలిచి చూపించాడు. ఆమె చూసింది. పసుపే.

"ఆ మధ్య రాయి కాస్త పక్కకి ఒరిగింది. సరిచేస్తాను" అన్నాడు గొంతు సర్దుకుని. సంతోషం వస్తే ఆయనకి ఏదో ఒకటి సర్దాలి. చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్ళలో ముంచాడు.

రాయి దాకా వెళ్ళిందో లేదో, నారింజరంగు మెరుపు ఒకటి దాని వెనక నుంచి దూసుకొచ్చి ఆయన బొటనవేలి పక్కన కొరికింది. ఊరుకోలేదు, వెనక్కెళ్ళి వేగం పుంజుకుని మళ్ళీ వచ్చి కొరికింది.

"అబ్బా!" ఆయన చెయ్యి బయటికి లాగాడు. "కరిచింది! చూశావా, కరిచింది! అమ్మ దీని పొగరు, ఎంత బలంగా కరిచిందో చూడు!" మొహం వెలిగిపోతోంది. వేలి మీద చిన్న ఎర్రటి చుక్క. దాన్ని ఆమెకి చూపించి, మెట్ల వైపు తిరిగి చెల్లెలికి వినబడేట్టు మళ్ళీ అరిచాడు. "కరిచిందే!"

ఆమె ఆ చుక్క వైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఇంట్లో క్రిముల్ని చంపే మందు సీసా ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఆమె దానికోసం లేవబోయింది.

"వద్దు, ఉండు. రాయి ఇంకా ఒరిగే ఉంది." ఆయన వంటింట్లోకి నడిచి, సబ్బుని పక్కకి జరిపి, వేలిని వట్టి నీళ్ళ కింద పెట్టాడు. తర్వాత తడి చెయ్యి దులుపుకుంటూ మళ్ళీ తొట్టె దగ్గరికొచ్చాడు. "నువ్వు అటు వైపునుంచి తిండి వేసి దాన్ని మళ్ళించు. నేను ఇటునుంచి వెళ్తాను."